రేకుకెక్కని వరస

తిరుపతిలో తెల్లవారుజామున ఏ వీథిని నడచినను తాళ్ళపాక అన్నమాచార్యుల పాట చెవిని బడకుండుట అరుదు. అలిపిరి మెట్లదారి మొదట టెంకాయలు, కర్పూరము అమ్ము అంగళ్ళలోను, కొండకు బయలుదేరు బస్సులలోను, గోవిందరాజస్వామి కోవెల చుట్టునున్న పూలకొట్లలోను, టీవీలో భక్తి చానలు పెట్టి ఇంటిల్లిపాదియు తమతమ పనులలో పడిపోయిన ఇండ్లలోను ఆ పాట మ్రోగుచునే యుండును. వినువారిలో పెక్కుమంది తాము వినుచున్నది ఐదువందల యేండ్లనాటి గానమేయని నమ్మి, ఆ నమ్మికతోనే ఒక్కక్షణము చేతులు జోడించి ముందునకు సాగుదురు. మాట విషయమున ఆ నమ్మిక యథార్థమే. వరస విషయమున కాదు. నేడు లోకము నోట నాడుచున్న అన్నమయ్య వరసలలో మిక్కిలి పేరుపొందినవి మన తాతతండ్రుల కాలమున, కొన్ని మన కన్నుల యెదుటనే, పేరును ఊరును గల మనుష్యులు కూర్చుండి, ఆలోచించి, పాడి చూచుకొని, చెరిపి, మరల కట్టినవి. ఈ సంగతి తెలిసినచో పాట మీది భక్తి తగ్గునేమోయని కొందరు శంకింతురు. నా మట్టుకు నాకు ఇది తెలిసిననాటి నుండియు ఆ భక్తి ఇనుమడించినది. పదునైదవ శతాబ్దపు మనిషి పలికిన పలుకును ఇరువదియవ శతాబ్దపు మనుష్యులు తమ కంఠములతో, తమ అనుభవముతో పూరించిన ఈ వృత్తాంతము, మారుచున్న సమాజములో సృజన యెట్లు బ్రదుకునో తెలిసికొనగోరువారికి మన సీమలో దొరకు నిదర్శనములలో సాటిలేనిది.

అన్నమాచార్యులు 1408లో రాజంపేటకు సమీపమునందలి తాళ్ళపాకలో జన్మించినారు. పదునారవ యేట, అనగా 1424లో, స్వామి ప్రత్యక్షము కాగా సంకీర్తనలు చెప్ప మొదలిడి, 1503లో పరమపదించు వరకును చెప్పుచునే యుండిరని రాగిరేకుల మొదట చెక్కబడియున్నది. మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన అన్నమాచార్య చరిత్రము, ఆ బాలుడు ఇల్లు విడిచిన సన్నివేశమును ఎంతో సహజముగ చెప్పినది: ఉమ్మడి కుటుంబములో ఇంటివారందరిచేతను పనులు చెప్పించుకొని విసిగిన పిల్లవాడు, పసులకు గడ్డి కోయబోయి కొడవలితో వ్రేలు తెగగోసికొని, ఆ బాధలో అయినవారి మీద విరక్తి పుట్టగా, ఆ దారిని పోవుచున్న కొండ యాత్రికులలో కలిసిపోయినాడట. కొడవలి పట్టిన చేయి తరువాత గంటము పట్టినది కాబట్టియే కాబోలు, ఆయన పాటలో వేదాంతము కూడ దుక్కిని, పంటను, బేరమును, తూకమును ఆశ్రయించి నడచును. ఏలినవాడు పడుకొన్నను ఊడిగము చేయువాడు పడుకొన్నను కన్ను మూతపడిన పిమ్మట భేదమేమున్నదని అడుగునట్టి ధైర్యము ఆ చేతికే చెల్లినది. దినమునకొక్కటికి తక్కువ గాకుండ చెప్పి మొత్తము ముప్పదిరెండు వేల సంకీర్తనలు రచించిరని సంప్రదాయము. నేడు మనకు దొరకుచున్నవి 12,000కు పైగా మాత్రమే.

ఆ దొరకినవియైనను దొరకుటకు కారణము ఆ కుటుంబపు దూరదృష్టి. తాటియాకు చెడును, చెదలు తినును, తిరిగి వ్రాయువాడు తప్పులు చేర్చును. కుమారుడు పెదతిరుమలాచార్యుల పూనికతో పదునారవ శతాబ్దమున ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయములో విమాన ప్రదక్షిణ మార్గమున భాష్యకార్ల సన్నిధికి చేరువనున్న చిన్నగదిలో భద్రపరచినారు. దానికి సంకీర్తన భాండారమని పేరు. బంగారమును, ఆభరణములను దాచుకొను కోవెలలో పాటను గూడ ధనముగ నెంచి దాని కొక గది కట్టిన ఆ కాలపు మనస్సును తలచుకొన్నప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును. ఆ పిమ్మట కాలము తిరుగబడినది. 1565లో విజయనగరము కూలినది. విద్వాంసులు దక్షిణమున తంజావూరు ప్రభువుల నాశ్రయించిరి. అక్కడ త్యాగరాజాదుల చేతిలో కృతి యను కొత్తరూపము పెంపొంది, తెలుగు పాట యనగా కావేరీతీరపు పాటయేయను భావము స్థిరపడినది. తిరుమలలో రాత్రి ఏకాంతసేవ వేళ తాళ్ళపాక వంశీకులు లాలి పాడు ఆచారము మాత్రము తెగలేదు. ఊళ్ళలో ఊయెల యొద్ద తల్లులు పాడు జోలలును, గోరుముద్దల వేళ చందమామను పిలుచు పాటయు ఎవరివో తెలియకయే ఇంటింట బ్రదికినవి. తక్కినదంతయు గదిలో నిద్రించినది.

1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణములో ఎ. డి. క్యాంబెల్ అను ఆంగ్లేయాధికారి ఒక విశేషమును ప్రస్తావించినాడు. తిరుపతి దేవస్థానమున రాగిరేకుల మీద కావ్యములున్నవని విని, వానిని పరీక్షింపజేయగా, ఒక వ్యాకరణ గ్రంథము తప్ప తక్కినవన్నియు స్వామిపై స్తోత్రములని తేలినదట. ఆ విచారణ అంతటితో ముగిసినది. మరి నూరేండ్లకు పైబడి గడచినవి. 1922లో దేవస్థానపు శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషివలన ఆ రేకులు కొండదిగి తిరుపతికి చేరినవి. అహోబిలములో గూడ కొన్ని రేకులు బయటపడినవి. అటుపిమ్మట పండితులు వానిని చదివి, ప్రతులు తీసి, సంపుటములుగ ప్రకటింపసాగిరి. వారిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పేరు ప్రత్యేకముగ చెప్పవలెను. చిన్నన్న ద్విపదను పరిష్కరించి, విపులమైన పీఠికతో 1949లో వెలువరించి, అన్నమయ్యయను మనిషిని తెలుగువారి యెదుట నిలబెట్టిన మహనీయుడాయన. ఆ మరుసటి యేడే ఆయన గతించినారు.

అచ్చుపుస్తకములు వచ్చినవి. పాట మాత్రము రాలేదు. ఏలయన రేకుల మీద పాట లేదు.

తిరుమలలోని ప్రదర్శనశాలలో రేకును దగ్గరగ చూచినవారికి ఈ మాట వెంటనే బోధపడగలదు. ఒక్కొక్క రేకున ఇంచుమించు ఆరు పాటలు, ఇరుప్రక్కల కిక్కిరిసి చెక్కబడియుండును. మాటకు మాటకు నడుమ ఎడము లేదు. పాదము ముగిసినచోట పంక్తి ముగియదు. లోహపు అంగుళము ఒక్కటియు వ్యర్థము కాగూడదన్న శ్రద్ధ ప్రతి వరుసలోను కనిపించును. నాటి లిపిలో ఎత్వ ఏత్వములకు, ఒత్వ ఓత్వములకు గల భేదము స్పష్టముగ చూపబడదు. ఏది హ్రస్వమో ఏది దీర్ఘమో చదువరియే అర్థమును బట్టి నిర్ణయించుకొనవలెను. ప్రతి పాటకును రాగము పేరు చెక్కినారు. సాళంగనాట, సామంతము, దేసాళము, కొండమలహరి, అబాలి, ముఖారి యను పేర్లు అందులో కనబడును. అంతే. స్వరము లేదు. తాళము సాధారణముగ చెప్పరు. ఎక్కడ ఎత్తుకొనవలెనో, ఎక్కడ ఆగవలెనో, ఏ అక్షరమును ఎంత సాగదీయవలెనో చెప్పు గుర్తు ఒక్కటియు లేదు. చెక్కించినవారికి ఆ వరసలు నోటికి వచ్చును. తమ పిల్లలకు వచ్చును. పిల్లల పిల్లలకు రాకపోవునను తలంపు వారికి కలిగియుండదు. మాటకు మరుపు కలదని భయపడి రాగిని తెచ్చినవారు, వరస మానవకంఠమున శాశ్వతమని నమ్మినారు. ఈ నమ్మిక భగ్నమైనదని విచారించువారు కలరు. నేను విచారింపను. రేకులు వరసను గూడ బంధించియుండినచో మనకు శిల్పము దొరకియుండును. వరస లేకపోవుటచేత మనకు పని దొరకినది.

ఆ పనికి మొదట చేయిసాచినవారిలో అగ్రగణ్యులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో అనంతపురము జిల్లాలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దముల తరబడి తెలుగు బోధించి, వేమనపై ఉపన్యాసములతోను, గాథాసప్తశతి అనువాదముతోను సాహిత్యలోకమున స్థిరకీర్తి నార్జించిన పిమ్మట, ఆయన తిరుపతికి వచ్చి ప్రాచ్యపరిశోధన సంస్థలో సంకీర్తనల పరిష్కరణమునకు పూనుకొనిరి. పండితులు చాలమంది కలరు, గాయకులును కలరు. రెండును ఒకే మనిషియందు కుదిరినవారు అరుదు. ఆ అరుదైన మనిషి ఆ రేకుల చెంతకు ఆ సమయముననే వచ్చుట మన భాగ్యము.

వరస లేని పాటకు వరస కట్టుట యెట్లు? మెట్టు ముందుగ మనసులో పెట్టుకొని అందులో మాటలను ఇరికించుట సులభము. సినిమా పాటలు పెక్కు అట్లే పుట్టును. ఇక్కడ అది చెల్లదు. మాట ముందే ఉన్నది, అదియు ఐదువందల యేండ్ల పెద్దరికముతో నున్నది. కాబట్టి వరసకర్త మొదట పాదమును చదువవలెను. హ్రస్వదీర్ఘములు నిర్ణయించుకొని మాత్రలు లెక్కింపవలెను. యతి యెక్కడ పడినదో, ప్రాస యెక్కడ మ్రోగినదో చూచి, పలుకు తనంతట తాను ఐదేసి మాత్రలుగ విరుగుచున్నదా, మూడేసిగ విరుగుచున్నదా, నాలుగేసిగనా, ఏడేసిగనా కనిపెట్టవలెను. ఖండగతిలో నడచు పాదమును ఆదితాళపు చట్రములో బిగించినచో సమాసము నడుమ ఊపిరి పీల్చవలసివచ్చును. ప్రతి పాట చివర వచ్చు ముద్రనే తీసికొనుడు: వేంకటేశుడను పేరులో ‘వేంక’ యని ఆగి, తాళపు దెబ్బతో ‘టేశుడ’ని యెత్తుకొన్నచో, రాగమెంత మధురమైనను, భక్తుని నోట స్వామిపేరు రెండు ముక్కలైపోవును. ఆ ఒక్క దెబ్బను తప్పించుటకు పల్లవి ఎత్తుగడనే మార్చి, అరావర్తము వెనుకకు జరిపి, మరల మొదటి నుండి కట్టుకొని రావలసి యుండవచ్చును. వినువాడు ఇందులో ఏదియు నెరుగడు. పాట సహజముగ నున్నదని మాత్రము అనుకొనును. ఆ సహజత్వము వెనుక నున్న శ్రమ ఇది.

ఇక రాగము సంగతి. రేకు మీద పేరున్న రాగములలో కొన్ని నేటికిని పాడబడుచున్నవి. కాని పేరు నిలిచినంత మాత్రమున రూపము నిలిచినదనుటకు వీలులేదు. కొన్ని పేర్లు తప్ప మిగులలేదు. రేకు మీది రాగమును చేతనైనంత వరకు గౌరవించుట యొక పద్ధతి. అర్థమునకు, రసమునకు తగినదని తనకు తోచిన వేరొక రాగమును గ్రహించుట వేరొక పద్ధతి. ఇరువదియవ శతాబ్దపు వరసకర్తలలో రెండు పద్ధతుల వారును కలరు, ఇరువురి యొద్దను గొప్ప వరసలు గలవు. శ్రీపాద పినాకపాణిగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు: వీరి వరసలను ప్రక్కప్రక్కన పెట్టి విన్నప్పుడు, ఒకే పూర్వికుని మాట నలుగురు మనుమలు నాలుగు విధముల తలచుకొన్నట్లుండును. రాళ్ళపల్లివారికి 1974లో మదరాసు సంగీత అకాడమీ సంగీతకళానిధి బిరుదమునిచ్చినది. 1979లో ఆయన కన్నుమూసిరి. తిరుపతి వీథులలో ఆయన వరస విని చేతులు జోడించువారిలో ఆయన పేరు తెలిసినవారెందరోయని నేను తరచు తలచి నొచ్చుకొందును.

వరసలు అన్నమయ్యకు ఎక్కడివి యని అడిగినచో, పండితులు దేవాలయమునో రాజసభనో చూపుదురు. నేను మరికొంత దూరము పొలమువైపు నడువుమందును. సువ్వి, ఏల, జాజర, కోలాటము, దంపుళ్ళపాట, తుమ్మెదపదము, గొబ్బి, లాలి: ఆయన సంకీర్తనలలో ఈ బాణీలన్నియు కలవు. ఇవన్నియు సభలలో పుట్టినవి కావు. రోకటి దెబ్బకును, నడుము వంపునకును, ఊయెల త్రాటికిని అనుగుణముగ స్త్రీల నోట పుట్టినవి. అన్నమయ్య వానిని చేకొని స్వామికి సమర్పించినాడు. చిత్తూరు సీమలో మొన్నమొన్నటి వరకు ఆ పనులు నిలిచియుండినవి, పనులతోపాటు పాటలును నిలిచినవి. బావి గట్టున కపిల తోలునప్పుడు ఎద్దులు వెనుకకు నడచునంతసేపు ఒక నడక, బాన నిండి ముందుకు లాగునంతసేపు మరొక నడక. ఆ రెండు నడకలకును తగినట్లు పాట సాగుచు, బిగియుచు ఉండెడిది. బోరుబావి వచ్చినది, మోటారు వచ్చినది. మీట నొక్కి ఇంటికి పోయిన రైతునకు పాట పాడవలసిన అవసరము తప్పిపోయినది. ధాన్యపు మిల్లు రాగానే దంపుళ్ళపాటకు రోకలి లేకపోయినది. ఆ శ్రమ తప్పినందుకు ఎవరును దుఃఖింపనక్కరలేదు. రోకలి పట్టి చేతులు కాయలుగాచిన స్త్రీ నడిగిన చెప్పును. కాని శ్రమతో పాటు వెళ్ళిపోయిన లయ శరీరమున నేర్చుకొన్న లయ. దానిని బడిలో నేర్పుట కష్టము. నేడు సంగీత కళాశాలలో సువ్వి పాట నేర్చుకొను పిల్ల రోలును బొమ్మలో చూచియుండును. ఆమె మాటను పట్టుకొనగలదు, స్వరమును పట్టుకొనగలదు. ఆ రెంటికిని నడుమ నుండవలసిన దెబ్బను మాత్రము ఊహించుకొనవలెను. ఆ ఊహయే ఈ కాలపు సృజన.

ఈ సీమనుండియే మరొక కంఠము కొండకు నడచిన వైనమును ఇక్కడ చెప్పకుండ ముందుకు పోజాలను. తరిగొండ వెంగమాంబ వాయల్పాడు ప్రాంతపు పల్లెలో 1730లో పుట్టి, బాల్యముననే వైధవ్యము ప్రాప్తించినను ముత్తైదువ చిహ్నములు విడువనని నిలిచి, ఊరిమాటలకు వెరవక తిరుమల చేరి, తుంబురు కోనలో తపస్సు చేసి, వేంకటాచల మాహాత్మ్యమును, ద్విపద భాగవతమును, యక్షగానములను రచించినదని మన పెద్దలు చెప్పుదురు. ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలితో పాటు తరిగొండవారి ముత్యాల హారతికిని స్థానము దొరకినది. అన్నమయ్యకు సంపన్నమైన వంశము అండగ నిలిచినది, కొడుకులును మనుమలును రాగిపై చెక్కించిరి. వెంగమాంబకు వంశము లేదు, రాగి లేదు. ఆమె పాటను నిలిపినది ప్రతిరాత్రియు జరుగు ఆ చిన్న ఆచారము. కొండ మీద అన్నప్రసాద కేంద్రమునకు నేడు ఆమె పేరే యున్నది. లక్షల మంది ఆ పేరు క్రింద కూర్చుండి భుజింతురు, ఆమె రచనలను చదివినవారు స్వల్పము.

పాట లోకమునకు చేరిన తీరు త్వరగ చెప్పవచ్చును. 1948లో ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో తెలుగు ఇండ్ల ఉదయములను నింపినది. 1978లో దేవస్థానము అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పి గాయకులను, స్వరకర్తలను, పరిశోధకులను ఒక్కచోట చేర్చినది. ఆ వెంటనే ఎం. ఎస్. సుబ్బలక్ష్మిగారు నేదునూరి మొదలగువారి వరసలలో పాడిన పంచరత్నమాల రికార్డులు భాష తెలియనివారి ఇండ్లలోనికి గూడ అన్నమయ్యను తీసికొనిపోయినవి. క్యాసెట్టు వచ్చినది, 1997లో అన్నమయ్య చలనచిత్రము వచ్చినది, 2008లో దేవస్థానపు చానలు వచ్చినది, నేడు చేతిలోని ఫోను. ప్రతి మార్పును పాట తట్టుకొనుటయే గాక, ప్రతి మార్పు వలనను మరికొంత వ్యాపించినది. సంప్రదాయము యంత్రమునకు బలియగునని వాపోవువారికి ఇది మంచి సమాధానము.

అయినను నాకు ఒక భయము కలదు, దానిని దాచుకొనుట సత్యమునకు ద్రోహము. కొంతకాలము క్రిందట తిరుపతిలో జరిగిన పిల్లల పాటల పోటీ యొకదానికి వెళ్ళియుంటిని. పాకాల వైపు పల్లె నుండి వచ్చిన పండ్రెండేండ్ల బాలిక యొకతె వేదిక యెక్కి, అందరెరిగిన సంకీర్తననే, ఎవరెరుగని వరసలో నెత్తుకొన్నది. పల్లవి వంగి లేచినట్లుండెను. ప్రతి పాదము చివర ఒక చిన్న విరామము, అడుగు వెనుకకు వేసినట్టి విరామము. సభలో గుసగుసలు బయలుదేరినవి. పాట ముగియగనే పరీక్షకులలో నొకరు ఆదరముగనే అడిగిరి:

“ఏమ్మా, ఈ వరస ఎవరు నేర్పించినారు?”

“మా అవ్వ సార్.”

“అవ్వ ఎవరి దగ్గర నేర్చుకొనింది?”

“ఎవరి దగ్గరా లేదు సార్. కయ్యలో నాట్లేసేటప్పుడు పాడుకుంటా ఉన్నిందంట.”

“గొంతు బాగుందమ్మా. ఈసారి ఒరిజినల్ ట్యూన్ నేర్చుకోని రా.”

ఆ బిడ్డ తల యూపి దిగిపోయినది. నేను బయటికి వెళ్ళి పలుకరింపగా సంగతి తెలిసినది. ఆ యూరి భజనమందిరములో గురువు చిన్న పుస్తకము చూచి పాటను చదివి వినిపించెడివాడట. అవ్వకు చదువు రాదు. విన్న మాటలను నోటికి పట్టి, తనకు తెలిసిన నాట్లపాట వరసలో కూర్చుకొని, కూలి పనిలో పాడుకొన్నది. పాదము చివరి ఆ విరామము నారుమడి మొక్క నాటి ఒక అడుగు వెనుకకు వేయునప్పటిది. రాళ్ళపల్లివారు పాండిత్యముతో చేసిన పనిని ఆ యవ్వ నడుము వంచి బురదలో చేసినది. రెంటికిని మూలము రేకు మీది మాటయే. ఒకటి అసలు, మరొకటి నకలు అని తేల్చుటకు మనయొద్ద ఆధారమేమున్నది? అన్నమయ్య పాడిన వరస ఏదో ఎవ్వరికిని తెలియనప్పుడు, పరీక్షకులు అసలు అనుకొన్నది 1980 ప్రాంతపు రికార్డును. ఆ రికార్డు మహత్తరమైనదే. కాని రాగిరేకు నాలుగువందల యేండ్లు మౌనముగ నుండి గూడ వరసను ఎవరికి కావలసినట్లు వారికి విడిచిపెట్టినది. రికార్డు నలుబది యేండ్లలోనే ఒక్క వరసను శాసనముగ మార్చినది. నన్ను కలతపెట్టునది ఈ తారుమారు.

ఎవరి ఇచ్చవచ్చినట్లు వారు పాడవచ్చునని నా యభిప్రాయము కాదు. చెడ్డ వరసలు కలవు, చాల కలవు. శృంగార సంకీర్తనలోని విరహమును పెండ్లి ఊరేగింపు బాజాగ మార్చినవి కలవు. వైరాగ్యమును చెప్పు చరణము క్రింద నృత్యపు తాళము వేసినవి కలవు. హ్రస్వమును దీర్ఘము చేసి అర్థమునే తలక్రిందులు చేసినవి కలవు. వీనిని తప్పులని చెప్పవలసినదే. తప్పు చెప్పుటకు కొలబద్ద మాట యొక్క అర్థమును, పలుకు యొక్క నడకయును గావలెను గాని, రికార్డుతో పోలిక కారాదు. ఆ యవ్వ వరసను ఆ కొలబద్దతో కొలిచినచో అది నిలుచును. ముద్ర విరుగలేదు, సమాసము తెగలేదు.

ఇప్పుడు మరొక యుగము వాకిట నిలిచినది. పాదము నొకదానిని, రాగము పేరు నొకదానిని కంప్యూటరుకు ఇచ్చినచో క్షణములో వరస కట్టి, గొంతు చేర్చి, మృదంగముతో సహా వినిపించు ఉపకరణములు వచ్చినవి. నేను విన్నవానిలో కొన్ని చెవికి ఇంపుగనే యున్నవి. వానిని తిరస్కరించుట నా ఉద్దేశము కాదు. కాని వరసను గురించి వాదింపవలసి వచ్చినప్పుడు ఒక తేడా తేటపడును. ఈ పాదము ఇక్కడ ఎందుకు ఆగినదని రాళ్ళపల్లివారిని అడిగినచో ఆయన యతిని చూపియుందురు. అవ్వను అడిగినచో అడుగు వెనుకకు వేయవలెను గదా నాయనా యని యుండెడిది. ఇరువురును జవాబుదారులు. ఆ జవాబుతో మనము ఏకీభవింపవచ్చును, ఎదిరింపవచ్చును, దానిని వినియే వేరొక వరసకు ప్రేరణ పొందవచ్చును. యంత్రము కట్టిన వరసకు ఎందుకను ప్రశ్న నడుగుటకు అవతల బ్రదికి యనుభవించిన మనిషి లేడు. తరతరముల వరసకర్తలు ఒకరి జవాబుపై ఒకరు నిలిచి పని చేసినారు. ఆ గొలుసులో ఈ కొత్త ఉపకరణమునకు ఎట్టి స్థానమీయవలెనో నిర్ణయించుకొనవలసినవారు నేటి యువగాయకులు. వ్రాతప్రతుల పోలికకో, మాత్రల లెక్కకో దానిని పనివానిగ నియోగించుకొన్నచో నాకు అభ్యంతరము లేదు. వరసకర్త పీఠమున కూర్చుండబెట్టుటకు మాత్రము నేను ఒప్పను.

చేయవలసిన పని ఇంకను కొండంత మిగిలియున్నది. 12,000కు పైబడిన సంకీర్తనలలో సామాన్యుని నోట ఆడుచున్నవి బహుస్వల్పము; సంపుటములు విప్పి చూచినచో ఒకే రేకున ఒక పాట దేశమంతట మ్రోగుచుండగా తక్కిన పాటలకు గాయకుడే దొరకని స్థితి కనిపించును. పోటీలు జరుపు సంస్థలు నియమావళిలో ఒక చిన్న మార్పు చేయవచ్చును: ప్రసిద్ధ వరసలో పాడువారికి ఒక విభాగము, సొంత వరసలోనో ఇంటి వరసలోనో పాడువారికి మరొక విభాగము, వరస ఎవరిది, ఏ యూరిది యని వ్రాయుటకు దరఖాస్తులో ఒక గడి. కచేరీలలో గాయకులు పాటకు ముందు రాగతాళములు చెప్పినట్లే వరసకర్త పేరును గూడ చెప్పుట మర్యాద. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము కలదు, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము కలదు, దేవస్థానపు సంగీత నృత్య కళాశాల కలదు. ఏటేటా తెలుగు, సంగీతము, జానపదము చదువు విద్యార్థులు పల్లెల నుండియే వచ్చుచున్నారు, ప్రతివాని జేబులోను పాటను పట్టు ఫోను ఉన్నది. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, పలమనేరు, పుంగనూరు వైపు పల్లెలకు సెలవులకు వెళ్ళునప్పుడు భజనమందిరము మెట్ల మీద కూర్చుండు అవ్వలను, తాతలను పాడించి, పాడినవారి పేరు, ఊరు, ఆ వరస ఏ పనిలో నేర్చినదియు వ్రాసి తెచ్చి, అచ్చయిన సంపుటములోని పాఠముతో సరిచూచి ఒక్కచోట చేర్చినచో, రెండు మూడేండ్లలో ఎంతటి భాండారమగునో ఊహింపవచ్చును. దీనికి పెద్ద ధనము అక్కరలేదు, తామ్రము అక్కరలేదు. అయితే వచ్చు వేసవి సెలవులలోనే మొదలిడవలెను. కపిల తోలినవారును, దంపుళ్ళు దంచినవారును ఎనుబది దాటినారు.